బల్ల మీది రెండో గ్లాసు

రాజోలి,
8 ఏప్రిల్ 2025, మంగళవారం.

నర్సమ్మ వదినకు,

నీ మరదలు ధనలక్ష్మి ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వు, నీ బిడ్డ సుప్రియ, అల్లుడు, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తున్న అని రాయాలె. కానీ నీ పేరు పక్కన ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. తిమ్మాజిపేటకు పోయినకాడి నుంచి ఆదివారాలు గుడికి పోతలేవని, అడిగితే మోకాళ్ల నొప్పులంటున్నవని సుప్రియ చెప్పింది. నీ మోకాళ్లు నాకు తెలుసు. మొన్నటి చలికాలంల మిరప చేన్ల నాకన్న ముందు నడిచిన మోకాళ్లవి.

ఫోన్ చేస్తే ఆఁ, బాగున్న, మాట సరిగ్గ వినిపిస్తలేదు అని పెట్టేస్తవు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యల పెట్టేసినా మళ్ల తీసి చదువుతవు. మిషన్ హాస్టల్ల ఏడో తరగతి దాక చదివినదానివి, మిర్చి బజ్జీల పొట్లం విప్పినా బజ్జీ చల్లారేదాక ఆ కాగితం చదివే మనిషివి.

ముందుగ ఇంటి సంగతులు. నీ ఇంటి తాళం నా దగ్గరే ఉన్నది. శనివారం శనివారం తీసి ఊడుస్తున్న. కనకాంబరాలకు పొద్దున నీళ్లు పోస్తున్న, పూలు పక్కింటి యాదమ్మ కోసుకపోతున్నది. ఏందమ్మా అంటే, మీ వదినె వచ్చినంక ఆమెకే మాల కట్టిస్త, జర ఓపిక పట్టు అంటది. తుంగభద్రల నీళ్లు అవతలి ఒడ్డుకు జరిగి ఇవతల బండలు తేలినయి. యాసంగి వరి కోతలు మొదలైనయి. మామిడికాయ ఇంకా టెంక గట్టిపడలేదు. నువ్వు లేకుండ పచ్చడి పెట్టను.

నేను ఏ పనైనా వరుసగ చేసే మనిషినని నన్ను ఎక్కిరిస్తుంటవు కద. ఈ ఉత్తరం గూడ వరుసగనే రాస్త. ముందు ఆ రోజు ఏమైందో, తర్వాత నేనేం చేసిన్నో, ఆ తర్వాత నువ్వు ఏం చేయాలెనో. ఆ గ్లాసు పెట్టుమని అన్నది ఎవరో మాత్రం అన్నిటికన్న చివర రాస్త. ముందే రాస్తే మిగిలింది చదవవు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం. నీ టీబీ గోళీల కోర్సు అయిపోయి, కఫం పరీక్షలల్ల ఏం లేదని దవాఖానల చెప్పినంక నువ్వు ప్రభువు బల్లకు వచ్చిన మొదటి ఆదివారం అది. అన్ని నెలలు మీకెందుకు అంటిస్త అని నువ్వే గుడి బయట వేపచెట్టు కింద కూసొని వాక్యం విన్నవు. ఆ రోజు నీలం చీర కట్టుకొని ఆడోళ్ల వరుసల ముందట కూసున్నవు. రొట్టె అందరితోని పాటు తీసుకున్నవు. ద్రాక్షరసం పోసిన ఇత్తడి గిన్నె నా దగ్గరికి వచ్చింది, నేను తాగి నీ చేతికి ఇయ్యబోయిన. పాస్టర్ వినయ్ మధ్యల చెయ్యి పెట్టి గిన్నె తీసుకొని, బల్ల మీది నుంచి స్టీలు గ్లాసు తెచ్చి నీకు ఇచ్చిండు. నాకు అప్పుడు ఏం అర్థం కాలేదు. నువ్వు గ్లాసును తిప్పి దాని మీద కొట్టించిన పేరు చదివినవు. ఈరన్న. మీ నాయన పేరు. మామ చనిపోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టి ఇంటింటికీ పంచిన గ్లాసులల్ల ఒకటి. తాగకుండ బల్ల మీద పెట్టి, ముసుగు సర్దుకొని బయటికి పోయినవు. తెల్లారి బస్సెక్కినవు.

ఆ గ్లాసు నిన్ను ఎక్కడ తాకిందో నాకు తెలుసు వదినా. పెండ్లయిన కొత్తల నువ్వే చెప్పినవు. మీ నాయనను చాయ హోటల్ల లోపలికి రానియ్యకపోయేది. బయట గోడకు మేకు కొట్టి, దానికి మీ వాడోళ్లకని ఒక గ్లాసు తగిలించేటోళ్లు. తాగి, కడిగి, మళ్ల మేకుకు తగిలించి రావాలె. చిన్నప్పుడు నువ్వు ఆ గ్లాసు మన ఇంటికి తీసుకపోదం నాయనా, మనదే కద అన్నవట. ఆయన నవ్వలేదు, కోపం చెయ్యలేదు, చాయ సగంల పారబోసి ఇంటికి తీసుకొచ్చిండట. బాప్తీస్మం తీసుకున్నంక మొదటిసారి బల్లల గిన్నె చేతికి వస్తే, ఇది నాకంటే ముందు ఎవరు తాగిన్రు అని అడిగిండట. అందరూ అని చెప్తే అప్పుడు తాగిండట. గద్వాల పోయి ఆ ఇత్తడి గిన్నె కొని గుడికి ఇచ్చింది అందుకే. అసోంటి మనిషి పేరు కొట్టించిన గ్లాసును, ఆయన బిడ్డకు వేరే గ్లాసుగ పెట్టిన్రు. పెట్టింది ఊళ్లె పెద్దకులపోళ్లు గాదు. మనమే. మన గుడిల, మన బల్ల మీద.

ఇగ నేను చేసింది.

మార్చి బల్లకు ఎప్పటిలెక్కనే నల్ల కిస్మిస్లు నానబోసి, ఉడకబెట్టి, తెల్లబట్టల వడగట్టి రసం తీసుకపోయిన. చూస్తే ఆ గ్లాసు కిటికీల బోర్లించి ఉన్నది, నువ్వు మళ్ల వస్తవని ఎదురుచూసినట్టు. మీ నాయన మేకు యాదికొచ్చింది. కూడిక అయినంక గ్లాసును సంచిల వేసుకొని ఇంటికి తెచ్చిన. సోడాతోని తోమి, ఆ వారమంతా దాంట్లనే చాయ తాగిన.

సంఘ పెద్ద రామన్న తాత గురువారం ఇంటికి వచ్చిండు, ఈస్టరుకు గుడికి రంగులేసే సంగతి మాట్లాడనీకె. ఆయనకూ దాంట్లనే పోసిచ్చిన. అల్లం చాయ. ఊదుకుంట తాగి, గ్లాసు అడుగున ఉన్నది గూడ వంపుకొని, జర చక్కెర తక్కువైంది బిడ్డా, కానీ రుచి ఉన్నది అన్నడు. మీ తమ్ముడు మాత్రం ఆ రోజు చాయ వద్దు, కడుపు బాగలేదన్నడు. రామన్న తాత చేతిల నుంచి గ్లాసు తీసుకుంట, తాతా ఇది నర్సమ్మ వదిన గ్లాసు, గుడి కిటికీలది అన్న. ఆయన నన్ను చూసిండు, గ్లాసును చూసిండు. ఓ ధనలక్ష్మీ, మస్తు దెబ్బ కొట్టినవ్ అన్నడు. కోపం చేస్తడనుకున్న. ఇంకో చాయ ఉంటే పొయ్యి, ఇప్పుడు తెలిసి తాగుత అన్నడు. తాత గిట్ల అంటడని నేను ఎదురుచూడలేదు వదినా. దాంట్లనే పోసిన.

ఆడోళ్లతోని అంత తేలికగ కాలేదు. శుక్రవారం కూడికల, నీకూ అదే గిన్నె ఇయ్యాలె అని నేనంటే నిరోష మొహం మీదనే చెప్పింది. అక్కా, నువ్వు ఏమన్న అను, నాకు పాలు తాగే పిల్లగాడున్నడు, నాకు భయమే అన్నది. ఒకామె, మన నర్సమ్మే కద, ఏమైతది అంటే, ఆమె నీకు ఇచ్చినంక నువ్వు నాకు ఇయ్యకు అని ఇంకొకామె. నేను నిరోషను తిట్టలేదు. భయం దాచిపెట్టి ముసిముసిగ నవ్వేటోళ్ల కన్న మొహం మీద చెప్పిన పిల్ల నయం. సోమవారం ఆ పిల్లను తోలుకొని దవాఖానకు పోయిన. నీకు గోళీలు ఇచ్చిన సిస్టర్‌నే అడిగినం. ఒకే గ్లాసుల నీళ్లు తాగితే ఈ రోగం అంటదు, దగ్గుతోని గాలిల వస్తది, కోర్సు పూర్తి చేసినామెతోని మీకు ఇప్పుడు భయమే లేదు అన్నది. నిరోష నిజంగనేనా అని మూడు తీర్ల అడిగింది. ఆఖరుకు ఆమెనే మమ్మల్ని ఎదురు అడిగింది. మీ గుడిల కిటికీలు తెరుస్తరా అని. కోతులు వస్తున్నయని ఏండ్ల సంది కిటికీలు మూసే ఉంచుతున్నం అన్నం. అంతమందిని లోపల మూసి కూసోబెట్టి గ్లాసు గురించి పంచాయితీ పెట్టుకున్నరా అమ్మా అన్నది. సిగ్గయింది.

ఆ శనివారమే నేను, నిరోష కలిసి కిటికీలకు జాలీ కొట్టించినం. ఇప్పుడు గుడిల గాలి ఆడుతున్నది. వాక్యం నడుస్తుంటే నది దిక్కు నుంచి చల్లగాలి వస్తది, ముసలోళ్లు హాయిగ నిద్రపోతున్నరు. అదొక్కటే నష్టం.

మొన్న ఆదివారం బల్ల పెట్టకముందు నేను లేచి నిలబడ్డ. ఇప్పటిదాక ఈ బల్లకు రసం నేనే తీస్తున్న, ఇకమీద ఒక్క గిన్నెల పోయడానికే తీస్త, బల్ల మీదికి రెండో గ్లాసు వస్తే ఆ రోజు రసం వేరేటోళ్లు తెచ్చుకోవాలె అని చెప్పిన. మొగోళ్ల దిక్కు నుంచి ఒకాయన, సంఘంల ఆడోళ్లు మౌనంగ ఉండాలని పౌలు రాసిండు కదమ్మా అన్నడు. రాసిండు అన్నా, కొరింథులోళ్లకు రాసిన అదే పత్రికల బల్ల గురించి గూడ రాసిండు, రెండూ చదువుదం, వరుసల బల్ల సంగతే ముందున్నది అన్న. రామన్న తాత గట్టిగ నవ్విండు. పాస్టరే లేచి చదివిన్రు. కొరింథులోళ్లు బల్ల దగ్గర ఒకరి కోసం ఒకరు ఆగకుండ, ఉన్నోళ్లు ముందు తిని, లేనోళ్లను సిగ్గుపరిచిన్రని పౌలు తిట్టిన భాగం.

పట్నం గుడులల్లలెక్క తలా ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు పెడదం, ఎవరికీ బాధ ఉండదు అని ఇంకో మాట వచ్చింది. మంచి మాటే. మొదటి నుంచీ అట్ల ఉంటే నేను కాదనేదాన్ని కాదు. కానీ ఇప్పుడు పెడితే, నర్సమ్మ ఒక్కదానికి ఇచ్చిన వేరే గ్లాసును కప్పిపెట్టడానికి అందరికీ వేరే గ్లాసులు ఇచ్చినట్టయితది అన్న. అప్పుడు నిరోష, పిల్లగాన్ని చంకల వేసుకొని లేచి, నర్సమ్మ పెద్దమ్మ ముందు తాగాలె, తర్వాత ధనలక్ష్మక్క, ఆ తర్వాత నేను తాగుత, వాళ్లిద్దరికీ ఏం కాకపోతే నాకూ ఏం కాదు అన్నది. అందరూ నవ్విన్రు. ఆ నవ్వుతోనే సగం భయం పోయింది. ఇంకా భయం ఉన్నోళ్లు రొట్టెను గిన్నెల ముంచుకొని తినొచ్చు, ఎవర్నీ బలవంతం చెయ్యొద్దు, గిన్నె మాత్రం ఒక్కటే అని తేలింది.

పౌలు ఆ సంఘానికి రాసేటప్పుడు మొదట్లనే పరిశుద్ధులు అని పిలుస్తడు కద వదినా. ఆ తర్వాత అంతా తిట్లే. కొట్లాటలు, కోర్టు కేసులు, బల్ల కాడ తాగి మత్తుల ఉండుడు. గిసోంటోళ్లను పరిశుద్ధులని ఎట్ల పిలిచిండో అని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఎప్పుడో పాతకాలంల సింహాల నోట్ల పడ్డోళ్లు, మంటలల్ల కాలినోళ్లే ఆ పేరుకు తగినోళ్లు అనుకునేదాన్ని. మొన్న నిరోషను చూసినంక, రెండో చాయ అడిగిన తాతను చూసినంక, పౌలు వాళ్లను చూసి రాయలేదు, వాళ్లు ఏమైతరో చూసి రాసిండు అనిపిస్తున్నది.

ఇంకో మాట. బావి కాడ ప్రభువును కలిసిన సమరయ స్త్రీ మీద ప్రసంగం చేసినప్పుడల్లా ఆమెకు ఎందరు మొగుళ్లో లెక్క చెప్తరు. ఆ సంగతి అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆమె కుండను యూదులు ముట్టరు. చేదుకోవడానికి ప్రభువు దగ్గర ఏమీ లేదు, ఆ మాట ఆమెనే అంటది. ఆయన తాగాలంటే ఆమె కుండల నీళ్లే తాగాలె. అది తెలిసే ఆయన నోరు తెరిచి అడిగిండు. రక్షణ మాట తర్వాత వచ్చింది, ముందు దాహమని అడిగిండు. దీని మీద ఎవరూ ఎందుకు ప్రసంగం చెయ్యరు?

ఇగ నువ్వు చేయాల్సింది. ఈ నెల ఇరవైన ఈస్టరు. పొద్దున సమాధుల తోటల కూడిక, తర్వాత గుడిల బల్ల. శనివారం సాయంత్రానికి రా. నీ ఇల్లు ఊడ్చి, కడవల నీళ్లు నింపి పెడత. ఖాళీ సమాధి దగ్గర ఆడోళ్లు ఏడ్చిన భాగం ప్రతి ఏడాది నువ్వే చదివేది, ఈసారీ నువ్వే చదవాలె. నువ్వు చదివితే వెనకున్నోళ్లకు గూడ ముందట నిలబడి చూసినట్టుంటది. ఆదివారం ముందు వరుసల కూసో. చింతపండుతోని గిన్నె తోమి పెట్టిన, మొహం కనిపిస్తున్నది. అది మొదట నీ చేతికే వస్తది.

క్షమించు అని నేను రాయను. అది నువ్వూ ప్రభువూ చూసుకోవాలె, మధ్యల నాకేం పని లేదు. తిమ్మాజిపేట గుడిల కూసున్నా అదీ ఆయన బల్లే. కానీ అక్కడ నువ్వు చుట్టానివి. ఆ ఇత్తడి గిన్నె మీ నాయనది. దాని ముందట నీ చోటు ఖాళీగ పెట్టి నేను ఇంకో ఈస్టరు చెయ్యలేను.

సుప్రియను అడిగినట్టు చెప్పు. పిల్లల తలల మీద చెయ్యి పెట్టి నా ముద్దులు ఇయ్యి.

ప్రభువులో నీ మరదలు,
ధనలక్ష్మి

తా.క. గ్లాసు పెట్టుమన్నది ఎవరో చివర రాస్తనన్న కద. ఇన్ని రోజులు పాస్టర్ వినయ్‌ను తిట్టుకుంటున్నవు. గ్లాసు పట్టిన చెయ్యి ఆయనదే, పెద్దల మాట కాదనలేకపోయిన అని నా ముందట ఒప్పుకున్నరు గూడ. కానీ ఆ మాట ఆయనది కాదు. ఆ గ్లాసు మా ఇంటిది. మామ పేరున్నవి మా ఇంట్ల ఆరుండాలె, ఐదే కనిపిస్తుంటే ఇల్లంత వెతికిన. గుడి కిటికీల ఉన్నదాన్ని తెచ్చి పక్కన పెడితే ఆరు సరిపోయినయి. మీ తమ్ముడు జయరాజును అడిగిన. కూడికకు ముందు ఇద్దరు ముగ్గురు నీకు బల్లే ఇయ్యొద్దు అన్నరట. అసలే లేకుండ పోవుడు కన్న వేరే గ్లాసు నయమని, తానే ఆ మాట అని, ఇంటికి ఉరికొచ్చి చేతికి దొరికింది తీసుకపోయిండట. అక్కను కాపాడిన అనుకున్నడట. నాయన పేరు చూసుకోలేదట. ఇది సాకని నేను చెప్పిన, కాదని ఆయన గూడ అనలేదు. ఆ రోజు కడుపు బాగలేదన్నది అందుకే.

ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చి, గడప అవతల నిలబడ్డది ఆయనే. ఉత్తరమంత ఆయనకు చదివి వినిపించిన, ఈ తా.క. తప్ప. పోస్టుల వేస్తనంటే వద్దు, నేనే పోత అన్నడు. జడ్చర్లల బస్సు మారేటప్పుడు నీళ్ల బాటిల్ కొనొద్దని చెప్పి పంపిన. ఎండల పడి వచ్చిండు, నోరు ఎండి ఉంటది. తొందరపడి చెంబు ముందుకు పెట్టకు. ఆయన నోటితోని ఆయన అడగాలె. అడిగితే మాత్రం, నువ్వు సగం తాగి, మిగిలింది అదే చెంబుతోని ఇయ్యి.